అక్షరమా... ఆజ్ఞా?

కీబోర్డు మీద ఎస్‌ నొక్కితే అక్షరం పడుతుంది. కంట్రోల్‌తో కలిపి నొక్కితే ఫైలు సేవ్‌ అవుతుంది. ఇంగ్లిషువాళ్లకు ఇంతే సంగతి! మిగతా ప్రపంచానికి మాత్రం ఆ చిన్న కీ వెనక పెద్ద కథే ఉంది. అందులో మన తెలుగు పాత్ర తక్కువేం కాదు.

పోలండ్‌ వాళ్లకు ఓ అక్షరం కనిపించకుండా పోయింది. పుస్తకాల్లోంచి కాదు, నిఘంటువుల్లోంచీ కాదు. మీడియం అనే రచనల వేదికలో కూర్చుని టైపు చేస్తుంటే మిగతా అక్షరాలన్నీ బుద్ధిగా పడుతున్నాయి. ఎస్‌ నెత్తిన చిన్న గీత ఉండే అక్షరం దగ్గరికొచ్చేసరికి మాత్రం... ఏమీ లేదు! మన ‘శ’కు దగ్గరగా పలికే ఆ అక్షరాన్ని ఎన్నిసార్లు నొక్కినా తెర ఖాళీగానే ఉంటోంది. అది పేరులో ఉన్న మనిషి తన పేరు తాను రాసుకోలేడన్నమాట.

మీడియంలో అప్పట్లో డిజైనర్‌గా పనిచేస్తున్న మార్చిన్‌ విఖారి పోలండ్‌లో పుట్టినవాడే. తన మాతృభాష అక్షరాన్ని ఎవరు మింగేస్తున్నారో పట్టుకుని, ఆ కథంతా 2015లో రాశాడు. దొంగ ఎక్కడో లేడు, సొంత ప్రోగ్రాములోనే ఉన్నాడు!

మీడియంలో రాసింది రాసినట్టు దానంతటదే సేవ్‌ అయిపోతుంది. అయినా అలవాటు కొద్దీ జనం మధ్యమధ్యలో కంట్రోల్‌+ఎస్‌ కొడతారు. అప్పుడు బ్రౌజరు ‘ఈ పేజీని ఎక్కడ దాచమంటారు?’ అంటూ ఓ పెట్టె తెరిచి అడ్డు తగులుతుంది. ఆ చికాకు లేకుండా ‘కంట్రోల్‌, ఎస్‌ కలిసి వస్తే ఏమీ చేయొద్దు’ అని ప్రోగ్రామర్లు ఓ చిన్న నియమం పెట్టారు. మంచి ఉద్దేశమే. కానీ పోలిష్‌లో ఇంగ్లిషుకు లేని అక్షరాలు తొమ్మిదున్నాయి. వాటికి విడిగా కీలుండవు. కుడివైపు ఆల్ట్‌ పట్టుకుని మామూలు అక్షరం నొక్కాలి. ఆ కుడి ఆల్ట్‌కు యూరప్‌ కీబోర్డుల మీద ఆల్ట్‌జీఆర్‌ అని పేరు. విండోస్‌ దాన్ని ఎలా చూస్తుందో తెలుసా? కంట్రోల్‌, ఆల్ట్‌ రెండూ కలిపి నొక్కినట్టు! ఆల్ట్‌జీఆర్‌ లేని పాత కీబోర్డుల మీద ఆ రెండూ కలిపితే అదే పని జరగాలని చేసిన ఏర్పాటది. ఇంకేముంది... పోలండ్‌ పౌరుడు అక్షరం కోసం ఎస్‌ నొక్కితే, ప్రోగ్రాముకు అందులో కంట్రోల్‌ ఒక్కటే కనిపించింది. ‘ఓహో, సేవ్‌ చేయమంటున్నాడు’ అనుకుని నోరు మూసేసింది. పక్కన ఆల్ట్‌ కూడా ఉందేమో చూడమని ఒక్క షరతు చేరిస్తే సరిపోయేది.

ఈ రెండు కీల చుట్టరికం కొత్తగా బయటపడిందేం కాదు. కంట్రోల్‌, ఆల్ట్‌ జంటను షార్ట్‌కట్‌గా వాడొద్దని, వాడితే చాలా దేశాల్లో అక్షరాలు పడవని మైక్రోసాఫ్ట్‌ ఇంజినీరు రేమండ్‌ చెన్‌ 2004లోనే రాశాడు. పదకొండేళ్ల తర్వాత కూడా అదే గొయ్యి, అదే పాటు!

మనకేంటి, అది పోలండ్‌ గొడవ కదా అనుకోవడానికి వీల్లేదు. రూపాయి గుర్తు సంగతి చూడండి. ఉదయ్‌కుమార్‌ గీసిన ₹ను 2010 జులైలో కేంద్ర ప్రభుత్వం ఆమోదించింది. అదే ఏడాది అక్టోబరులో అది యూనికోడ్‌లోకి వచ్చేసింది. విండోస్‌లో ‘ఇంగ్లిష్‌ (ఇండియా)’ కీబోర్డు పెట్టుకున్నవాళ్లు దాన్ని కుడి ఆల్ట్‌, 4 కలిపి రాస్తారు. అంటే విండోస్‌ లెక్కలో కంట్రోల్‌+ఆల్ట్‌+4. ఏ బిల్లింగ్‌ సాఫ్ట్‌వేరో అదే జంటను తన సొంత పనికి వాడుకుంటే బిల్లు మీద రూపాయి పడదు, ఇంకేదో కిటికీ తెరుచుకుంటుంది. వర్డ్‌లో కంట్రోల్‌+ఆల్ట్‌ పట్టుకుని 1, 2, 3 నొక్కితే మూడు రకాల శీర్షికలు వస్తాయి. అది మూడుతో ఆగిపోవడం మన రూపాయికి కలిసొచ్చిందనే చెప్పాలి!

ఒక కీ... రెండు ఉద్యోగాలు

అసలు కీ నొక్కితే లోపల ఏం జరుగుతుంది? చాలామంది అనుకున్నట్టు కీబోర్డు ‘ఎ’ అనో ‘బి’ అనో పంపదు. ఫలానా వరుసలో ఫలానా స్థానంలో ఉన్న కీ నొక్కారని ఓ నంబరు మాత్రం పంపుతుంది. ఆ స్థానంలో ఏ అక్షరం ఉందన్నది విండోసో, మ్యాకో, లినక్సో చూసి చెప్పాలి. మీరు ఏ భాష లేఅవుట్‌ ఎంచుకున్నారన్న దాని మీద అది ఆధారపడుతుంది. ఆ తర్వాతే సంగతి వర్డ్‌కో, బ్రౌజరుకో చేరుతుంది. అప్పుడు ఆ ప్రోగ్రాము తేల్చుకోవాలి... ఇది రాయాల్సిన అక్షరమా, పాటించాల్సిన ఆజ్ఞా?

అమెరికాలో ఈ ప్రశ్నకు జవాబు తేలిక. జిరాక్స్‌ పరిశోధనశాలలో 1970ల్లో కట్‌, కాపీ, పేస్ట్‌ అనే పద్ధతిని తీర్చిదిద్దిన ల్యారీ టెస్లర్‌ ఆ తర్వాత యాపిల్‌లో చేరాడు. 1983లో వచ్చిన యాపిల్‌ లీసాలో జడ్‌, ఎక్స్‌, సి, వి కీలకు ఆ పనులు అప్పగించారు. ఎక్స్‌ కొట్టివేత గుర్తులా ఉంటుంది, సి అంటే కాపీ, ఇక వి... ప్రూఫులు దిద్దేటప్పుడు మాట చేర్చడానికి పెట్టే గుర్తును తిరగేసినట్టుంటుంది. చేసిన పని వెనక్కి తీసుకోవడానికి పక్కనే ఉన్న జడ్‌. నాలుగూ ఒకే వరుసలో, ఎడమచేతి వేళ్ల కింద! టెస్లర్‌ 2020 ఫిబ్రవరిలో కన్నుమూసినా ఆ నాలుగు కీలు మాత్రం ప్రపంచమంతా అరిగిపోతూనే ఉన్నాయి.

ఆ పొందిక ఇంగ్లిష్‌ కీబోర్డు వరకే. జర్మనీ కీబోర్డు మీద వై, జడ్‌ స్థానాలు తారుమారు. జడ్‌ పైవరుసలో టి పక్కన కూర్చుంటుంది. ఫ్రాన్స్‌లోనూ అది పైవరుసే. అంటే ఎక్స్‌, సి, వి కింద కలిసుంటే, జడ్‌ ఒక్కటే వేరుకాపురం పెట్టినట్టు! అక్కడివాళ్లు అక్షరాన్నే నమ్ముకున్నారు కాబట్టి వేలు పైకి చాచి మరీ జడ్‌నే నొక్కుతారు. కంప్యూటర్‌ గేముల్లో మాత్రం ఇది పనికిరాదు. మనిషిని అటూ ఇటూ నడిపించడానికి అమెరికాలో డబ్ల్యూ, ఎ, ఎస్‌, డి నొక్కుతారు. ఫ్రెంచి కుర్రాడు అవే అక్షరాలు వెతుక్కుంటే వేళ్లు మెలికపడతాయి. అవే స్థానాల్లో అతనికి జడ్‌, క్యూ, ఎస్‌, డి ఉంటాయి. కాబట్టి గేముకు కావాల్సింది అక్షరం కాదు, స్థానం. షార్ట్‌కట్‌కు కావాల్సింది స్థానం కాదు, అక్షరం. ఈ తేడా మనసులో పెట్టుకోని ప్రోగ్రామరు ఎక్కడో ఓ చోట ఎవరినో ఇబ్బంది పెడతాడు.

స్పెయిన్‌ కథ ఇంకో రకం. అక్కడి వర్డ్‌లో షార్ట్‌కట్లనే తమ భాషలోకి మార్చేసుకున్నారు. వాళ్ల భాషలో బొద్దు అక్షరాలకు ‘నెగ్రీతా’ అంటారు కాబట్టి కంట్రోల్‌+ఎన్‌. దాచడం ‘గ్వార్దార్‌’ కాబట్టి కంట్రోల్‌+జి. మన హైదరాబాద్‌ ఉద్యోగి మాడ్రిడ్‌ వెళ్లి, మొత్తం సెలెక్ట్‌ చేద్దామని కంట్రోల్‌+ఎ కొడితే ఫైలు తెరిచే పెట్టె ఎదురవుతుంది. వాళ్ల ‘అబ్రీర్‌’ అంటే తెరవడం మరి! బోల్డ్‌ కోసం బి కొడితే వెతుకులాట మొదలవుతుంది. భాషాభిమానం మెచ్చుకోదగ్గదే కానీ, దేశం మారితే వేళ్లకు మళ్లీ ఓనమాలు దిద్దించాలి.

సి మీద ‘మ’... వి మీద ‘న’

ఇప్పుడు మన ఇంటికొద్దాం. భారతీయ భాషలన్నిటికీ ఒకే కీబోర్డు ఉండాలని 1986లో కేంద్ర ఎలక్ట్రానిక్స్‌ శాఖ ఇన్‌స్క్రిప్ట్‌ అనే అమరికను ప్రమాణంగా తెచ్చింది. అచ్చులు, గుణింతపు గుర్తులు ఎడమచేతి వైపు, హల్లులు కుడిచేతి వైపు. తెలుగైనా హిందీ అయినా బెంగాలీ అయినా ‘క’ ఒకే కీ మీద ఉంటుంది. ఒక భాషలో చేయి తిరిగితే, రెండో భాష లిపి వచ్చినవాళ్లు దాన్నీ కొట్టేయొచ్చు. ఇంత చక్కటి ఆలోచనకు రావాల్సినంత ఆదరణ రాలేదు. చాలామంది ఇంగ్లిష్‌ అక్షరాలతో ‘అమ్మ’ అని కొట్టి తెలుగులోకి మార్చుకునే పద్ధతికే అలవాటుపడ్డారు.

ఇన్‌స్క్రిప్ట్‌లో టెస్లర్‌ నాలుగు కీలూ ఏమయ్యాయో చూడండి. జడ్‌ స్థానంలో ఎత్వం, ఎక్స్‌ స్థానంలో సున్న, సి స్థానంలో ‘మ’, వి స్థానంలో ‘న’. మరి తెలుగు రాస్తూ రాస్తూ కంట్రోల్‌ పట్టుకుని ఆ ‘మ’ నొక్కితే కాపీ అవ్వాలా వద్దా? అవ్వాలనే ఎవరైనా అంటారు. లేకపోతే పేరా కాపీ చేసుకోవడానికి ప్రతిసారీ ఇంగ్లిషులోకి వెళ్లి రావాలి.

విండోస్‌ దీనికి ముందుచూపుతో ఓ ఉపాయం పెట్టుకుంది. ప్రతి కీకీ అక్షరంతో పాటు లోపల ఓ రహస్య నామం కూడా ఉంటుంది. తెలుగు లేఅవుట్‌లో ‘మ’ పడే కీకి రహస్య నామం ‘సి’ గానే ఉంచారు. రాసేటప్పుడు అక్షరం చూస్తుంది, ఆజ్ఞ ఇచ్చేటప్పుడు ఆ నామం చూస్తుంది. మ్యాక్‌లోనూ దాదాపు ఇలాంటి ఏర్పాటే. రష్యన్‌ లిపిలో రాస్తున్నా కమాండ్‌ కీ పట్టుకోగానే కీబోర్డు కాసేపు ఇంగ్లిష్‌ది అయిపోతుంది. డ్వొరాక్‌ అనే వేరే ఇంగ్లిష్‌ అమరిక వాడేవారి కోసం కూడా యాపిల్‌ అలాంటి లేఅవుట్‌ ఒకటి ఇస్తోంది. మామూలుగా డ్వొరాక్‌, కమాండ్‌ పట్టుకుంటే పాత క్వెర్టీ!

చిక్కంతా లినక్స్‌లో వచ్చింది. అక్కడ ప్రోగ్రాముకు నేరుగా అక్షరమే అందేది. ‘కంట్రోల్‌తో సి వచ్చిందా?’ అని ప్రోగ్రాము అడిగితే, ‘లేదు, కంట్రోల్‌తో మ వచ్చింది’ అని జవాబు. ‘మ’ అంటే దానికేం తెలుసు పాపం! రష్యన్లు, గ్రీకులు కూడా ఇదే బాధపడ్డారు. వాళ్ల ఫిర్యాదుల పుణ్యమా అని, దొరికింది ఇంగ్లిష్‌ అక్షరం కాకపోతే వాడుకరి పెట్టుకున్న ఇంగ్లిష్‌ లేఅవుట్‌లో ఆ కీ మీద ఏముందో చూడటం సాఫ్ట్‌వేర్‌ పరికరాలు నేర్చుకున్నాయి. అయినా అక్కడక్కడా ఓ ప్రోగ్రాము పాత పాటే పాడుతుంటుంది.

మెనూలను తెలుగు చేసినవాళ్లకు ఇదే ప్రశ్న ఇంకో రూపంలో ఎదురైంది. ఇంగ్లిష్‌ మెనూలో ఫైల్‌ అనే మాటలో ఎఫ్‌ కింద గీత ఉంటుంది. ఆల్ట్‌తో ఎఫ్‌ కొడితే తెరుచుకుంటుంది. తెలుగులో ‘ఫై’ కింద గీత పెడితే? అది ఒక్క కీతో పడే అక్షరం కాదు. ఒత్తు ఉన్న మాటైతే గీత ఎక్కడ పెట్టాలో కూడా తేలదు. అందుకే జపాన్‌ వాళ్ల దారి పట్టారు. తెలుగు మాట రాసి, పక్కనే బ్రాకెట్లో ఇంగ్లిష్‌ అక్షరం పెట్టారు. లిబ్రెఆఫీస్‌ తెలుగు మెనూలో మాట పక్కన ఆ ఒంటరి అక్షరం ఎందుకుందా అని ఎప్పుడైనా అనుకున్నారా... అదీ సంగతి.

‘స్త్రీ’కి ఆరు కీలు

అక్షరం అంటే ఏమిటో కంప్యూటరుకూ మనకూ ఎప్పుడూ పేచీయే. 1991లో వచ్చిన యూనికోడ్‌ తొలి ప్రమాణంలోనే తెలుగుకు చోటు దొరికింది. 128 గడులు కేటాయించారు. గుణింతాలన్నీ, ఒత్తులన్నీ అందులో ఉండవు. హల్లు, పొల్లు, గుణింతపు గుర్తు విడివిడిగా ఉంటాయి. కలిపి చూపించే బాధ్యత సాఫ్ట్‌వేరుది. మనం ఒక్క అక్షరం అనుకునే ‘స్త్రీ’ దాని లెక్కలో ఆరు... స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘపు గుడి. ఇన్‌స్క్రిప్ట్‌లో కొట్టాలంటే ఎం, డి, ఎల్‌, డి, జె, ఆర్‌ కీలు నొక్కాలి.

ఇప్పుడో సరదా ప్రయోగం. వర్డ్‌లో ‘స్త్రీ’ అని రాసి, దాని వెనక కర్సరు పెట్టి బ్యాక్‌స్పేస్‌ ఒక్కోసారీ నొక్కుతూ పోండి. స్త్ర, స్త్, స్త, స్, స... ఒక్కో ముక్కా ఊడుతుంది. అదే కర్సరు ముందు పెట్టి డిలీట్‌ ఒక్కసారి నొక్కండి. మొత్తం ‘స్త్రీ’ ఒక్క దెబ్బకు పోతుంది! ఇది పొరపాటు కాదు, కావాలనే చేసింది. ఇప్పుడే కొట్టిన గుడి తప్పయితే దాన్నొక్కదాన్నే దిద్దుకోవాలి కదా. అందుకే వెనక్కి ముక్కలుముక్కలుగా, ముందుకు మొత్తంగా. అన్ని సాఫ్ట్‌వేర్లూ ఈ మర్యాద పాటించవు. కొన్నిటిలో బ్యాక్‌స్పేస్‌ కూడా అక్షరాన్ని గుటుక్కున మింగేస్తుంది. ఒక్క గుడి కోసం మళ్లీ ఆరు కీలూ కొట్టుకోవాల్సిందే.

సంయుక్తాక్షరాన్ని ఎక్కడ తెంచకూడదన్న నియమం కూడా ఆలస్యంగానే వచ్చింది. పాత యూనికోడ్‌ నియమాల ప్రకారం ‘స్త్రీ’ అంటే మూడు తునకలు. 2023 సెప్టెంబరులో వచ్చిన 15.1 రూపంలో తెలుగు, దేవనాగరి, బెంగాలీ తదితర లిపుల్లో పొల్లుతో ముడిపడిన హల్లులన్నీ ఒకే అక్షరంగా లెక్కించాలని చెప్పారు. దానికోసం ముప్ఫై రెండేళ్లు పట్టింది! ఇది పండితుల చర్చలా అనిపించొచ్చు. దరఖాస్తు ఫారంలో పేరుకు అయిదు అక్షరాలే చాలనుకున్న ప్రోగ్రామరు చేతిలో ‘లక్ష్మి’ గారు ‘లక్ష్’ అయిపోతారు. ఆమెకు అది చర్చ కాదు, గుర్తింపు కార్డు.

ఇంకా కనపడని అక్షరాలూ ఉన్నాయి. సాఫ్ట్, వేర్ అని రెండు మాటలు కలిపి కొడితే ‘సాఫ్ట్వేర్’ అని ట కింద వ ఒత్తు వచ్చి కూర్చుంటుంది. ‘సాఫ్ట్‌వేర్’ అని విడిగా ఉండాలంటే మధ్యలో ఓ అదృశ్య అక్షరం పెట్టాలి. దానికి వెడల్పు ఉండదు. పని మాత్రం ఉంటుంది... పక్కవాళ్లిద్దరినీ కలవనివ్వకపోవడం! కీబోర్డు మీద దానికి బొమ్మ ఉండదు కాబట్టి చాలామందికి అదొకటుందనే తెలియదు. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లను కుప్పకూల్చిన తెలుగు అక్షరం గుర్తుందా? ‘జ్ఞా’ రూపంలో ఉన్న ఆ అక్షరం సందేశంలో వస్తే చాలు, ఆ యాప్‌ మూతపడిపోయేది. అందులో ‘ఞ’కూ దీర్ఘానికీ మధ్య దాక్కున్నది ఈ అదృశ్య అక్షరమే. దాన్ని ఎలా గీయాలో తెలియక యాపిల్‌ సాఫ్ట్‌వేరు చేతులెత్తేసింది. కొద్దిరోజుల్లోనే మరమ్మతు విడుదలైంది. తెలుగు అక్షరం అంత బలమైందా అని అప్పట్లో జోకులు పేలాయి కానీ, తప్పు అక్షరానిది కాదు.

సగం పుట్టిన అక్షరం

జపాన్‌లో ఎంటర్‌ కీకి ప్రత్యేకమైన గౌరవం ఉంది. అక్కడ ముందు పలుకుబడిని కొడతారు. దానికి సరిపోయే చిత్రాక్షరాల జాబితా వస్తుంది. కావాల్సింది ఎంచుకుని ఎంటర్‌ నొక్కితే ఖాయమవుతుంది. చాటింగ్‌ ప్రోగ్రాముల్లో ఎంటర్‌ అంటే ‘పంపించు’ అని కదా! ఈ తేడా తెలియని సాఫ్ట్‌వేరులో జపాన్‌ మనిషి అక్షరం ఖాయం చేద్దామని ఎంటర్‌ నొక్కగానే, సగం వాక్యం అవతలివాళ్లకు చేరిపోతుంది. పై అధికారికి రాస్తున్న సందేశమైతే ఇక చెప్పేదేముంది! బ్రౌజర్లు దీనికి ఓ సంకేతం పెట్టాయి. అక్షరం ఇంకా తయారవుతున్నప్పుడు ఏ కీ నొక్కినా దాని నంబరు 229 అని చెబుతాయి. ‘వంట అవుతోంది, మూత తీయకు’ అన్నమాట. చూసి ఆగడం ప్రోగ్రామరు పని. చూడనివాళ్లు ఎప్పుడూ ఉంటారు.

ఇంగ్లిష్‌ అక్షరాలతో తెలుగు కొట్టేవాళ్లకూ ఇది తెలిసిన బాధే. ‘కె’ కొట్టగానే ‘క్‌’ పడుతుంది. ‘ఎ’ కొడితేనే ‘క’ అవుతుంది. 1990ల మొదట్లో అమెరికాలోని రైస్‌ విశ్వవిద్యాలయంలో తెలుగువాళ్లు తయారుచేసుకున్న ఆర్‌టీఎస్‌ అమరిక నుంచి లేఖిని దాకా, విండోస్‌లో 2019లో చేరిన తెలుగు ఫొనెటిక్‌ కీబోర్డు దాకా అన్నిటిదీ ఇదే తీరు. అందాకా ఆ అక్షరం సగం పుట్టినట్టే. ప్రతి కీకీ వెతుకులాట మొదలుపెట్టే సాఫ్ట్‌వేర్లు ‘క్‌’ దగ్గరే పరుగు అందుకుంటాయి.

ఇంగ్లిష్‌ ముసుగులో తెలుగు

ఇవన్నీ ఒక ఎత్తు, మన డీటీపీ కథ ఒక ఎత్తు. యూనికోడ్‌ తెలుగు ఇంటింటికీ రావడానికి విండోస్‌ ఎక్స్‌పీ, దాంతో పాటు గౌతమి ఫాంటు వచ్చిన 2001 దాకా ఆగాల్సి వచ్చింది. అప్పటికే పెళ్లి శుభలేఖల నుంచి పత్రికల దాకా అంతా అను, శ్రీలిపి లాంటి ఫాంట్లతో సాగిపోతోంది. వాటిది తెలివైన ఉపాయమే. ఇంగ్లిష్‌, యూరప్‌ అక్షరాలుండే గడుల్లో తెలుగు ముక్కల బొమ్మలు కూర్చోబెట్టారు. తెర మీదా కాగితం మీదా అచ్చమైన తెలుగు. కంప్యూటరు దృష్టిలో మాత్రం అది అర్థంపర్థం లేని ఇంగ్లిష్‌!

అక్షరం ముసుగు వేసుకుంటే ఆజ్ఞలన్నీ దారితప్పుతాయి. కంట్రోల్‌+సి కొట్టి ఈమెయిల్లో పేస్ట్‌ చేస్తే గజిబిజి గుర్తులు వస్తాయి. వాక్యం మొదటి అక్షరాన్ని పెద్దది చేయాలని వర్డ్‌ తాపత్రయపడితే, చిన్న అక్షరం గడిలో ఉన్న తెలుగు ముక్క పోయి, పెద్ద అక్షరం గడిలోని ఇంకో ముక్క వచ్చిపడుతుంది. అప్పటి డీటీపీ ఆపరేటర్లు వర్డ్‌ వాడాల్సి వస్తే ముందు ఆ ‘సవరణలు’ అన్నీ ఆపేసేది అందుకే. అన్నిటికన్నా పెద్ద నష్టం కంట్రోల్‌+ఎఫ్‌ దగ్గర. యూనికోడ్‌లో ‘గోదావరి’ అని కొట్టి వెతికితే ఆ ఫైళ్లలో దొరకదు. ఆ మాట అక్కడ కళ్లెదుటే ఉంటుంది, కంప్యూటరుకు మాత్రం కనిపించదు.

పేజ్‌మేకర్‌ చివరి రూపం వచ్చింది 2001లో. దానిలో కూర్చిన స్థల పురాణాలు, ఊళ్ల చరిత్రలు, పరిశోధనా గ్రంథాలు, సొంత ఖర్చుతో అచ్చేసుకున్న కవితా సంపుటాలు ఎన్ని సీడీల్లో నిద్రపోతున్నాయో! వాటిని తెరిచే ప్రోగ్రాము ఉండాలి, ఆ ఫాంటు ఉండాలి, రెండూ నడిచే కంప్యూటరు ఉండాలి. పాత ఫాంట్ల నుంచి యూనికోడ్‌కు మార్చే సాధనాలు లేకపోలేదు. ఒత్తులు, రావత్తులు తారుమారవుతుంటాయి కాబట్టి పక్కన పాత ప్రతి పెట్టుకుని ఓ మనిషి కూర్చోక తప్పదు.

అలాంటి సీడీ ఏదైనా మీ బీరువాలో ఉంటే ముందు అందులోంచి ఒక్క పేజీ మార్చి చూడండి. కంట్రోల్‌+ఎఫ్‌ కొట్టి, అందులో ఉందని మీకు తెలిసిన ఓ ఊరి పేరు వెతకండి. దొరికిందా, మార్పిడి సరిగ్గా సాగుతున్నట్టే. ‘వరంగల్‌’, ‘నిజామాబాద్‌’ లాంటి పొల్లుతో ముగిసే పేర్లు దొరక్కపోతే కంగారుపడొద్దు. పొల్లు వెనక ఆ అదృశ్య అక్షరం నక్కి ఉండొచ్చు. చివరి పొల్లు తీసేసి ‘వరంగల’ అని మళ్లీ వెతకండి.